రిమ్ము మీద నీలం గీత

ఉమేష్ అనేవాడి చేతికి స్టీరింగు ఇచ్చిన మహానుభావుడెవరో గానీ, ఆ మనిషిని పట్టుకొచ్చి రాయ్‌పూర్ గుఢియారీలో తన రిమ్ముల షాపు ముందు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టాలని ఏలియాకు మహా కోరికగా ఉంది. ఒకటే కారు, ఒకడే డ్రైవరు, ఒకటే చక్రం. ఎండలు ముదిరాక ఇది మూడోసారి. ముందు ఎడమ చక్రం, రిమ్ము అంచు మీద, గాలి కొట్టే వాల్వు దగ్గర మొదలై జానెడు పొడవున గీత. రావుగారి బండి కాబట్టి సరిపోయింది. ఇంకో యజమాని అయితే ఉమేష్ గాడు ఈపాటికి బీర్‌గావ్‌లో ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర బస్తాలు మోస్తుండేవాడు.

ఉమేష్ కారు ఆపి, డిక్కీలోంచి చక్రం దించి, దొర్లించుకుంటూ వచ్చి గోడకు ఆనించాడు. బండికి స్టెప్నీ ఎక్కించి ఉంది.

"మళ్లీనా?" అన్నాడు ఏలియా.

"మళ్లీనే బాబాయ్."

"ఏరా, అంత రోడ్డుండగా నీకు అంచులే దొరుకుతాయా? డివైడరు నీ మేనత్త కూతురా, రాసుకుంటూ పోవడానికి?"

వేరే రోజైతే ఉమేష్ ఇకిలించేవాడు. తిరిగి ఏదో ఒకటి అనేవాడు కూడా. ఈసారి మెడలో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తుడిచిన చోట నల్లగా అయింది. ఉర్లా ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే మసి ఆ ఏడాది గుఢియారీ దాకా పడుతోంది. ఆరేసిన బట్టలూ మూతలేని గిన్నెలూ అన్నీ నలుపే.

"డివైడరు కాదులే," అన్నాడు.

"మరేంటి?"

ఉమేష్ నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే కాసేపు ఉంచి, మళ్లీ మూసుకున్నాడు. చప్పరించడానికి ఏమీ లేకపోయినా చప్పరిస్తున్నట్టు దవడలు కదిలాయి.

"నువ్వే చూడు బాబాయ్. బాగా చూడు. జల్దీ ఏటీ లేదు."

"చూసేదేముంది, గీత. నువ్వు గియ్యడం, నేను చెరపడం. రావుగారి లాంటి మనిషి దగ్గర పని దొరికితే ఇట్టాగేనా చేసేది? మీ పిన్ని పోయినప్పుడు శవప్పెట్టెకు వ్యాను పంపింది ఎవరు? మీ నాన్నా?"

"రావుగారే."

"మరి? ఆయన బండికి నువ్వు చేసే మేలు ఇదా?"

ఉమేష్ గోడకు ఆనించిన చక్రాన్ని చేత్తో కొంచెం తిప్పి, గీత ఏలియా కూర్చునే వైపుకు వచ్చేలా నిలబెట్టాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"పిన్ని అయితే ఒక్కసారికే చూసేది," అన్నాడు.

అని కారెక్కి పోయాడు. చచ్చిపోయిన తన భార్యను మధ్యలోకి ఎందుకు లాగాడో ఏలియాకు అర్థం కాలేదు. వీపు మీద చెమట ఉన్నట్టుండి చల్లగా తగిలింది. ఆ చల్లదనానికి కూడా ఉమేష్‌నే తిట్టుకున్నాడు.

మరునాడు పొద్దున టైరు ఊడదీశాడు. రిమ్ము లోపలి గూట్లో ఎర్రటి మొరం దుమ్ము చెంచాడంత రాలింది. ఊరి రోడ్ల మీద తిరిగే బండికి మొరం ఎక్కడిదా అని ఒక్క క్షణం అనిపించింది. చీపురుతో ఊడ్చేసి, రిమ్మును సబ్బునీళ్లతో కడిగి, తాడుతో వేలాడదీసి, చిన్న కర్రసుత్తితో అంచు మీద కొట్టాడు. అది అతని అలవాటు. పగులున్న రిమ్ము డొల్లగా పలుకుతుంది. బాగున్నది గంటలా మోగి ఆగిపోతుంది.

ఇది మోగింది. కానీ ఆగలేదు.

పట్టాల మీద గూడ్సు పోతోందేమోనని గుమ్మంలోకి వచ్చి చూశాడు. పట్టాలు ఖాళీగా ఎండలో మెరుస్తున్నాయి. వెనక్కి వచ్చేసరికి రిమ్ము ఇంకా సన్నగా పలుకుతూనే ఉంది. అన్నం వారుస్తూ నోరు తెరవకుండా పాట లాగేది లీలావతి. ఆ శ్రుతి. ఏలియా అరచెయ్యి వేసి ఆపాడు. చేతి కింద అది ఇంకాసేపు వణికి, అప్పుడు ఊరుకుంది.

"ముసలితనం," అనుకున్నాడు పైకే. "చెవులు కూడా పోతున్నాయి."

రిమ్మును బల్ల మీద పెట్టి, గరుకు కాగితం మడిచి, గీత మీదికి వంగాడు. అప్పుడు చూశాడు.

రాయ్‌పూర్‌లో రిమ్ములు గీసుకుపోతే గీతలో పసుపో నలుపో ఉంటుంది, డివైడరు రంగు. గేటుకు రాసుకుంటే ఎరుపు, ఆకుపచ్చ. ఇందులో సిమెంటు బూడిద, దాని మధ్యలో నీలం. ఉత్త నీలం కాదు. వెలుతురుకు తిప్పితే అందులో వెండి రవ్వలు మినుకుమన్నాయి.

గరుకు కాగితం కింద పెట్టేశాడు.

ఆ నీలం బజారులో దొరకదు. ఎవరో కుర్రాడు బండి చక్రాలకని కలిపించుకుని, డబ్బులు కట్టలేక వదిలేసిపోయిన రంగు అది. అందులో మిగిలిపోయిన వెండి పౌడరు పోసి కలిపింది ఏలియానే. కొలత లేదు, లెక్క లేదు. మళ్లీ కలపమంటే తన వల్ల కూడా కాదు. ఆ డబ్బా పై అరలో వెనకాల ఉంది. దించి, దుమ్ము దులిపాడు. మూత మీద నీలం రంగులో ఒక వేలి ముద్ర. మూత గట్టిగా పడలేదని లీలావతి బొటనవేలితో నొక్కిన ముద్ర. పక్కన పెట్టి చూశాడు. గీతలోని నీలమూ వేలిముద్రలోని నీలమూ ఒకటే.

ముందు రెండుసార్లు కూడా ఇదే ఉండి ఉంటుంది. మొదటిసారి చూడలేదు. రెండోసారి ఏదో నీలంగా కనపడితే, ఎవరింటి గేటో అనుకుని రుద్దేశాడు. రుద్దేసి, పుట్టీ నింపి, సాపు చేసి, వెండిరంగు కొట్టి, పైన గాజులాంటి క్లియర్ పూత వేసి, పొయ్యి గదిలో పెట్టి ఆరబెట్టి, అద్దంలా ఇచ్చాడు. రావుగారు మెచ్చుకుంటే ఆ పూట అన్నం కూడా రుచిగా అనిపించింది.

ఈ డబ్బా బయట ఆ రంగు లోకంలో రెండు చోట్లే ఉంది. ఒకటి అభన్‌పూర్ దగ్గర పొలంలో, అతనూ లీలావతీ పాతిన నాలుగు సిమెంటు స్తంభాల మీద. రావుగారు చూపించిన చోటది. ఆరు తెలుగు ఇళ్లవాళ్లు కలిసి కొన్నారు. ముక్కలు ముక్కలుగా రిజిస్ట్రీ ఎందుకు, మనవాడేగా అని మొత్తం రావుగారి పేరనే రాయించారు. నీలం వేద్దామన్నది లీలావతి. రోడ్డు మీద బస్సులో పోతున్నా మన జాగా కనపడాలి అంది. కానీ అక్కడికి కారు పోదు. గట్ల మీద సైకిలు కూడా దిగి నడిపించుకోవాల్సిందే.

రెండోది ఆమె సమాధి మీద సిలువ.

ఏలియా షాపు షట్టరు సగం దించి, స్కూటరు తీశాడు.

శ్మశానంలో మిట్టమధ్యాహ్నం కాకి కూడా లేదు. కాపలా చూసే దానయ్య రేకు పంచ కింద పడుకుని, గొలుసు వేసిన గేటు వైపు కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"లోపలికి కార్లేమైనా వచ్చాయా ఈ మధ్య?" అడిగాడు ఏలియా.

"కార్లా? మనుషులే రావడం లేదయ్యా. లోపలున్నోళ్లను అడుగు, ఎవరైనా డ్రైవింగు నేర్చుకుంటున్నారేమో."

"వెటకారం తర్వాత. నిజం చెప్పు."

"ఈ గొలుసు తీసి ఎన్నాళ్లయిందో తుప్పే చెబుతుంది, చూడు."

గొలుసు నిజంగానే కొక్కేనికి తుప్పుతో అతుక్కుపోయి ఉంది. ఏలియా పక్క సందులోంచి లోపలికి నడిచాడు. సిలువ నిలువుగానే ఉంది. చుట్టూ తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, అడుగు నుంచి పైదాకా చేత్తో తడిమాడు. పెచ్చు లేదు, గీత లేదు. మసి మాత్రం పట్టింది. చొక్కా కొనతో తుడిస్తే నీలం బయటపడి ఎండకు మినుకుమంది. గాలి లేదు. కానీ అతను తల దించి ఉన్నంతసేపూ ఎవరో వెనక నిలబడి, అతని తల మీదుగా అవతలికి, ఊరి బయటికి, ఏదో చూస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూడలేదు. ఆమె పోయిన తర్వాత పొలం వైపు ఒక్కసారి కూడా వెళ్లలేదన్న సంగతి అప్పుడే ఎందుకు గుర్తుకొచ్చిందో తెలియదు.

"దొరికిందా?" అన్నాడు దానయ్య, అతను బయటికి వస్తుంటే.

"ఏం దొరకాలి?"

"నీ మొహం చూస్తే ఏదో పోయినట్టుంది మరి."

ఆ రాత్రి రిమ్ముకు బట్ట కప్పి పెట్టాడు. బట్ట కింద కూడా అది ఉందని తెలుస్తూనే ఉంది. షాపులోనే అటు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే ఉమేష్ వచ్చాడు. నడిచి వచ్చాడు. కారు లేదు, చేతిలో తాళాలు లేవు. చెప్పుల నిండా నల్లటి మసి.

"బండేదిరా?"

"నిన్న పని మానిపించేసినాడు. తాళాలు గుంజుకున్నాడు." అని రిమ్ము మీది బట్ట వైపు చూశాడు. "ఇంకా రుద్దలేదు కదా?"

"లేదు."

ఉమేష్ స్టూలు మీద కూలబడి, చాలా దూరం పరిగెత్తి వచ్చినవాడిలా ఊపిరి వదిలాడు.

"అది ఎక్కడి రంగురా?" అడిగాడు ఏలియా.

ఉమేష్ తల అడ్డంగా ఊపాడు.

"నోరు పడిపోయిందా? అడుగుతుంటే!"

"నీ స్కూటరు తియ్యి బాబాయ్. నేను నడుపుతాను. నన్నేటీ అడక్కు. చలో."

"నీ చేతికా నా స్కూటరు? ఉన్న రెండు చక్రాలూ గీకిస్తావు," అన్నాడు ఏలియా. కానీ తాళం ఇచ్చాడు.

ఇద్దరూ ధమ్‌తరీ రోడ్డు పట్టారు. అభన్‌పూర్ ఇంకొంచెం ఉందనగా ఉమేష్ ఎడమకు తిప్పాడు. అక్కడ ఎడమ అనేది ఉండకూడదు. పొలం గట్టు ఉండాలి, గట్టు మీద తుమ్మ చెట్టు ఉండాలి. స్కూటరు సాఫీగా దిగింది. కింద వెడల్పుగా, కొత్తగా, రోలరు తొక్కిన ఎర్ర మొరం రోడ్డు. చక్రాల వెనక ఎర్రటి దుమ్ము లేచింది. ఏలియా ఉమేష్ భుజాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

రోడ్డు తిన్నగా పోయి ఒక పెద్ద ఇనుప గేటు దగ్గర ఆగింది. గేటుకు అటూ ఇటూ మనిషెత్తు గోడ. గోడ అవతల ముగ్గు పోసి గళ్లుగా విడదీసిన ప్లాట్లు, వాటి మీద చిన్న చిన్న జెండాలు. ఎక్కడా మనిషి లేడు. జెండాలు కదలడం లేదు. ఇటుకల గుట్ట మీద ఎవరిదో ప్లాస్టిక్ చెప్పు ఒకటే ఉంది.

"మన జాగా ఏది?" అన్నాడు ఏలియా. 

ఉమేష్ స్కూటరు ఆపి, స్టాండు వేసి, దిగి, రోడ్డు మధ్యలోకి పోయి నిలబడ్డాడు. చేత్తో చూపించలేదు. ఊరికే నిలబడ్డాడు.

ఏలియా చుట్టూ చూశాడు. తుమ్మ మొద్దు కనపడింది, మొదలంటా నరికి ఉంది. దాన్నుంచి తూర్పుకు లీలావతి అడుగులు వేసి కొలిచిన చోటు. ఆ చోటే రోడ్డు. రోడ్డుకు పోగా మిగిలింది గోడ కిందికి, గేటు కిందికి పోయింది. గోడ పక్కన పీకి పడేసిన స్తంభాలు మూడు, ఒకదాని మీద ఒకటి, కట్టెల్లా. నాలుగోది గేటుకు ముందు, రోడ్డు అంచున, ఇంకా పాతినట్టే ఉంది. పక్కకు ఒరిగి ఉంది. నీలం మీద, మోకాలి కంటే కింద, కారు చక్రం అంచు ఎత్తులో, ఒకదాని మీద ఒకటిగా గీతలు. గీతల్లో అల్యూమినియం తెల్లగా మెరుస్తోంది.

అతను వంగి ఆ గీతల మీద వేలు పెట్టాడు. వేలికి వెండిరంగు పొడి అంటింది. తను కొట్టిన వెండిరంగే.

"నువ్వు కావాలనే..." అన్నాడు.

ఉమేష్ తువ్వాలు చేతుల్లో మెలిపెడుతున్నాడు. "నువ్వు చూసేసినావు కదా బాబాయ్? నేను చెప్పలేదు కదా, నువ్వే చూసినావు?"

"నేనే చూశాను."

"రోడ్డు వేసిన రోజే మా ఇంటికొచ్చాడు రావుగారు. ఉయ్యాల్లో పిల్లది. దాని నెత్తి మీద నా చెయ్యి పెట్టించి, ఏలియాకి నోటితో చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. పోయిన ఏడాదే ఒక పిల్లని పోగొట్టుకున్నోణ్ణి. ఎలాగ చెప్పను?" తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పిన్ని నా పెళ్లానికి పురుడు పోసిన మనిషి. చెప్పకుండా ఎలాగ ఉండను? అప్పటికి నాలుగు స్తంభాలూ నిలబడే ఉన్నాయి, గోడ లేదు, ఏటీ లేదు. రోడ్డు మీద మొరం ఒక్కటే. బండి తెచ్చి రాసినాను. నీ రంగు నువ్వు పోల్చుకుంటావు అనుకున్నాను. నువ్వు అద్దంలా చేసి ఇచ్చినావు. రెండోసారికి పునాది తీసినారు. మళ్లీ రాసినాను. మళ్లీ అద్దంలాగే. మూడోసారి ఆయన వెనక సీట్లోనే ఉన్నాడు. ఆయన కూర్చునుండగానే రాసేసినాను."

ఎర్ర దుమ్ము ఇంకా పూర్తిగా కిందికి దిగలేదు. ఏలియాకు తన చేతులు కనపడ్డాయి. గరుకు కాగితం పట్టి పట్టి వేలి గీతలు అరిగి నున్నబడ్డ చేతులు.

"ప్రతిసారీ వాల్వు దగ్గరే ఎందుకు మొదలుపెట్టావురా?" అన్నాడు. "గుర్తు కోసమా?"

ఉమేష్ అర్థం కానట్టు చూశాడు. "చక్రం తిరుగుతా ఉంటది బాబాయ్. ఎక్కడ తగులుద్దో నాకేటి తెలుసు? నేను చూసుకోలేదు."

ఇద్దరూ ఒరిగిన స్తంభం వైపు చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఏలియా స్తంభాన్ని రెండు చేతులతో పట్టి నిటారుగా నిలబెట్టాడు. వదలగానే అది మళ్లీ నెమ్మదిగా గేటు వైపే వాలింది.

షాపుకు వచ్చి ఆ సాయంత్రం పని మొదలుపెట్టాడు. గీతను రుద్దలేదు. పుట్టీ నింపలేదు. మెత్తటి బ్రష్షుతో సిమెంటు బూడిద మాత్రం దులిపాడు, రవ్వలు రాలకుండా, కంట్లో నలక తీసినంత జాగ్రత్తగా. గీతను కప్పేలా కాగితం అంటించి, మిగతా రిమ్ముకంతా వెండిరంగు కొట్టాడు. కాగితం పీకేసి, మొత్తం మీద క్లియర్ పట్టించాడు. ఒక పూత ఆరాక ఇంకో పూత, దాని మీద ఇంకోటి. పొయ్యి గదిలోంచి తీసేసరికి నీలం గీత గాజు అడుగున పడుకున్నట్టుంది. టైరు ఎక్కించి, బ్యాలెన్సు మిషను మీద తిప్పాడు. గీత సాగి సాగి, రిమ్ము చుట్టూ పూర్తి నీలం వలయమైంది. మిషను ఆపినా వలయం కాసేపు కళ్లలో ఉండిపోయింది.

రావుగారు తనే కారు నడుపుకుంటూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, చేతిలో స్వీటు పొట్లం.

"డ్రైవర్ని పీకేశానయ్యా ఏలియా. దరిద్రుడు. మంచి డ్రైవరెవరైనా ఉంటే చెప్పు."

"చూస్తాను సార్."

ఏలియా జాకీ పెట్టి, స్టెప్నీ విప్పి, చక్రం ఎక్కించాడు. ఒక్కొక్క బోల్టూ ఎదురెదురుగా బిగించాడు. రావుగారు పక్కనే నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. జాకీ దించాక వంగి చూశాడు. చూసిన మనిషి వెంటనే లేవలేదు.

బొటనవేలి గోరుతో గీత మీద గీకాడు. గోరు నున్నగా జారింది. మళ్లీ గీకాడు.

"ఇదేంటి, ఇది పోలేదే?"

"పోదు సార్. లోపలుంది."

"ముందు రెండుసార్లు పోయిందిగా?"

"పోగొట్టాను."

పట్టాల మీద గూడ్సు వచ్చింది.  షెల్ఫుల మీద డబ్బాలు సన్నగా గలగలలాడాయి. రావుగారు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"వెళ్లొచ్చావన్నమాట," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "నేనే చెబుదామనుకున్నానయ్యా. నువ్వేమో ఆ దుఃఖంలో ఉన్నావు. దారి లేకపోతే వెనక ప్లాట్లు ఎవడు కొంటాడు చెప్పు? ఎవరో ఒకరి జాగాలోంచి పోవాలిగా. నీకు పిల్లా జెల్లా లేరు... నీకూ ఏదో ఒకటి చూస్తాను. కాగితం ఎట్లాగూ నా పేరనే ఉంది, అయినా చూస్తాను. మనం మనం ఒకటి."

"స్తంభాలు పీకినోళ్లకు చెప్పండి సార్, నాలుగోది పీకొద్దని."

"ఎందుకు?"

"పీకినా లాభం లేదు సార్. దాని రంగు మీ బండికే ఉంది గదా."

రావుగారు అతని మొహంలోకి చూశాడు. కోపమేమైనా దొరికితే దానికి తగ్గ జవాబు సిద్ధంగా పెట్టుకున్నట్టున్నాడు. దొరకలేదు. మళ్లీ వంగి, రుమాలు ఉమ్మితో తడిపి, గీతను గట్టిగా రుద్దాడు. రుద్దేకొద్దీ నీలం ఇంకా తేటపడింది. అతను చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని, వేళ్లు చూసుకున్నాడు. తర్వాత కారెక్కాడు. స్వీటు పొట్లం బల్ల మీదే ఉండిపోయింది. కాసేపటికి దాని మీద మసి పడడం మొదలైంది.

కారు కదిలింది. గీత ఒకసారి పైకి, ఒకసారి కిందికి వచ్చింది. వేగం అందుకోగానే నీలం వలయమై, మలుపు తిరిగేదాకా కనపడింది. సన్నగా ఏదో పలికినట్టు కూడా అనిపించింది ఏలియాకు. ఈసారి చెవులను తిట్టుకోలేదు. డబ్బా దించి, వేలిముద్ర చెరగకుండా మూత అంచులు పట్టుకుని, ముందు అరలో పెట్టాడు.

అభన్‌పూర్ దగ్గర, ఏ కాగితంలోనూ ఏలియా పేరు గానీ లీలావతి పేరు గానీ లేని ఆ నేల, తుమ్మ మొద్దు నుంచి తూర్పుకు ముప్పై అడుగులు, పాత గట్టు నుంచి లోపలికి యాభై అడుగులు. మొత్తం పదిహేను వందల చదరపు అడుగులు.